కార్యాలయంలో ఉమ్మడి ప్రింటర్: పని ఆగినప్పుడు లోపాన్ని కనుగొనే క్రమం

వేసవి సెలవుల అనంతరం పాఠశాలలు తెరిచే రోజుల్లో సరిహద్దు గ్రామాల కుటుంబాలకు కుల, ఆదాయ, నివాస ధృవపత్రాలు, బదిలీ పత్రాలు ఒక్కసారిగా అవసరమవుతాయి. కర్ణాటకలో నాడకచేరి అయినా, తమిళనాడులో ఇ-సేవై కేంద్రమైనా, మహారాష్ట్రలో ఆపలే సర్కార్ సేవా కేంద్రమైనా, ఊరి పాఠశాల కార్యాలయమైనా తుది ఘట్టం ఒక్కటే: కాగితం ప్రింటర్ నుండి బయటికి రావాలి. పత్రం తెరపై సిద్ధంగా ఉండి, ప్రింటర్ కదలకపోతే బల్లపై కూర్చున్నవారి ఆనాటి కూలి పోతుంది. చివరి బస్సు వెళ్లిపోతుంది. ఒక్కొక్కప్పుడు దరఖాస్తు గడువే దాటిపోతుంది.

ఇటువంటి కేంద్రాలను నడిపేవారిలో, పాఠశాల కార్యాలయాల్లో పనిచేసేవారిలో గ్రామ యువత ఎక్కువ. మెకానిక్ పట్టణం నుండి రావాలి. కాబట్టి సాధారణ లోపాలను స్వయంగా గుర్తించే క్రమం తెలిసి ఉండటం అవసరం. ఆ క్రమంలో మూలసూత్రం ఒక్కటే: పని ఎక్కడ ఆగిందో తెలుసుకోకుండా దేనినీ మార్చకూడదు. తెలియకుండా తీగలు పీకడం, డ్రైవర్ తొలగించడం, ప్రింట్ మీటను పదేపదే నొక్కడం వల్ల ఒక లోపం మూడు లోపాలవుతుంది.

ఉమ్మడి ప్రింటర్ రెండు విధాలు

మొదటి విధంలో ప్రింటర్ ఒక కంప్యూటర్‌కు యూఎస్‌బీ తీగతో కలిసి ఉంటుంది. మిగిలిన కంప్యూటర్లు ఆ కంప్యూటర్ ద్వారా ముద్రిస్తాయి. దానిని ఇక్కడ ఆతిథేయ కంప్యూటర్ అందాం. అది ఆగినా, నిద్రావస్థలోకి వెళ్లినా అందరి ముద్రణ నిలిచిపోతుంది.

రెండవ విధంలో ప్రింటర్ నేరుగా రూటర్‌కు తీగతోగానీ, వైఫైతోగానీ కలుస్తుంది. దానికి స్వంత ఐపీ చిరునామా ఉంటుంది. ప్రతి కంప్యూటర్ ఆ చిరునామాకు పనిని స్వయంగా పంపుతుంది. కార్యాలయంలో ఉన్నది ఏ విధమో ముందుగా తెలుసుకోవాలి. పైకి రెండూ ఒకేలా కనిపించినా చికిత్స వేరు.

ముందుగా వేయవలసిన మూడు ప్రశ్నలు

ఒకటి: ఆగింది ఒక కంప్యూటర్‌కా, అందరికా? ఒక్కదానికే అయితే ప్రింటర్ జోలికి పోనవసరం లేదు. లోపం ఆ కంప్యూటర్‌లోనో, దాని తీగలోనో ఉన్నది. అందరికీ ఆగితే ప్రింటర్‌నో, రూటర్‌నో, ఆతిథేయ కంప్యూటర్‌నో చూడాలి.

రెండు: ఒక పత్రమే రావడం లేదా, ఏదీ రావడం లేదా? నోట్‌ప్యాడ్‌లో ఒక పంక్తి టైపు చేసి పంపాలి. అది వచ్చి, ధృవపత్రం రాకపోతే దోషం ఆ ఫైలులోనో, ఫాంటులోనో ఉన్నది.

మూడు: చివరిసారి బాగా పనిచేసిన తర్వాత ఏమి మారింది? విద్యుత్తు పోయి వచ్చిందా, కొత్త రూటర్ పెట్టారా, వైఫై సంకేతపదం మార్చారా, విండోస్ నవీకరణ జరిగిందా? తరచుగా సగం సమాధానం ఇక్కడే దొరుకుతుంది.

మొదటి మజిలీ: ప్రింటర్

ప్రింటర్ మీది మీటల ద్వారానే స్థితి పత్రాన్ని ముద్రించే సౌకర్యం చాలా యంత్రాల్లో ఉంటుంది. కంప్యూటర్ ప్రమేయం లేకుండా ఆ కాగితం స్పష్టంగా వస్తే యంత్రం బాగున్నట్లే. ఇక మిగిలిన దారిని వెదకాలి. నెట్‌వర్క్ ప్రింటర్ అయితే దాని ఐపీ చిరునామా కూడా సాధారణంగా ఆ పత్రంపైనే కనిపిస్తుంది.

ఆ కాగితమే రాకపోతే మూతలు, టోనర్, కాగితపు అర చూడాలి. వర్షాకాలంలో తేమ పట్టిన కాగితాలు ఒకదానికొకటి అంటుకొని ఇరుక్కుంటాయి. కట్టను విప్పగానే మిగిలిన కాగితాన్ని పొట్లంలోనే మూసి ఉంచాలి. ఇరుక్కున్న కాగితాన్ని అది ప్రయాణించే దిశలోనే, రెండు చేతులతో నెమ్మదిగా లాగాలి. చిరిగిన ముక్క లోపల మిగిలితే మళ్లీ మళ్లీ ఇరుకుతుంది. లేజర్ ప్రింటర్‌లో టోనర్‌ను కాగితంపై కరిగించి అంటించే ఫ్యూజర్ భాగం తీవ్రంగా వేడెక్కుతుంది. యంత్రాన్ని ఆపి, చల్లారిన తర్వాతే అక్కడ చేయి పెట్టాలి.

కాగితం ఉన్నా యంత్రం కాగితం పెట్టమని అడుగుతుంటే పరిమాణాన్ని చూడాలి. మన కార్యాలయాల్లో వాడేది 210 × 297 మిల్లీమీటర్ల ఏ4. ఫైలులోగానీ, డ్రైవర్‌లోగానీ అమెరికా వాడుకలోని లెటర్ పరిమాణం ఎంపికై ఉంటే యంత్రం ఆ కాగితం కోసం ఎదురుచూస్తూ ఆగిపోతుంది. వెనుక ఉన్న పనులన్నీ దానితో పాటు ఆగుతాయి.

రెండవ మజిలీ: వరుస

కంప్యూటర్ పంపిన ప్రతి పనీ ముందుగా ఒక వరుసలో నిలుస్తుంది. దానిని నిర్వహించే విండోస్ సేవ పేరు ప్రింట్ స్పూలర్. వరుస ముందున్న ఒక ఫైలు చెడితే వెనుకవన్నీ ఆగుతాయి. ఈ స్థితిలో ప్రింట్ మీటను పదిసార్లు నొక్కితే పది ప్రతులు వరుసలో చేరతాయి. లోపం తొలగగానే అన్నీ ఒక్కసారిగా వస్తాయి. కాగితం, టోనర్ వృథా అవుతాయి.

ప్రింటర్ బొమ్మను తెరిచి, ముందున్న పనిని రద్దు చేయాలి. అది రద్దవుతున్నట్లు చూపుతూనే కదలకపోతే విండోస్ సర్వీసెస్ జాబితాలో ప్రింట్ స్పూలర్‌ను ఆపాలి. సీ డ్రైవ్‌లోని విండోస్ ఫోల్డర్‌లో సిస్టమ్32, దానిలో స్పూల్, దానిలో ప్రింటర్స్ అనే ఫోల్డర్ ఉంటుంది. ఆ చివరి ఫోల్డర్ లోపలి ఫైళ్లను మాత్రమే తొలగించి, సేవను తిరిగి ప్రారంభించాలి. దీనికి నిర్వాహక అనుమతి కావాలి. మొదటి విధం ఏర్పాటులో ఈ పనిని ఆతిథేయ కంప్యూటర్‌పై చేయాలి. అక్కడి వరుసలో ఇతరుల పత్రాలు కూడా ఉంటాయి గనుక ముందుగా వారికి చెప్పడం మర్యాద, అవసరం కూడా.

వరుస ఖాళీగా ఉండి కాగితం మాత్రం రాకపోతే పని వేరే ప్రింటర్‌కు వెళ్లి ఉండవచ్చు. విండోస్ 10, 11లలో ప్రధాన ప్రింటర్‌ను విండోస్‌నే ఎంచుకోనిచ్చే అమరిక ఉన్నది. అది అమలులో ఉంటే చివరిగా వాడిన ప్రింటర్ ప్రధానమవుతుంది. ఒకసారి పీడీఎఫ్‌గా భద్రపరచినా తర్వాతి పని అటే పోవచ్చు. ఆ అమరికను తీసివేసి, ప్రింటర్‌ను స్వయంగా నిర్ణయించడం మేలు.

మూడవ మజిలీ: చిరునామా

రెండవ విధం ప్రింటర్లలో చాలా తరచుగా ఎదురయ్యే చిక్కు ఇదే. రూటర్ తన పరిధిలోని యంత్రాలకు చిరునామాలను తానే పంచుతుంది. విద్యుత్తు పోయి వచ్చినప్పుడు యంత్రాలు వేరే క్రమంలో లేచి, నిన్న 192.168.1.50 గా ఉన్న ప్రింటర్‌కు నేడు 192.168.1.53 రావచ్చు. కంప్యూటర్లు మాత్రం పాత చిరునామాకే పంపుతూ, ప్రింటర్ ఆఫ్‌లైన్‌లో ఉన్నదని చెబుతాయి. ఇల్లు మారిన మనిషికి పాత ఇంటికే ఉత్తరాలు వేయడం వంటిది ఇది.

స్థితి పత్రంపై ఉన్న చిరునామాను, కంప్యూటర్‌లో ప్రింటర్ గుణాల కింద పోర్టుల పట్టికలో ఉన్న చిరునామాను పోల్చాలి. రెండూ వేరైతే కారణం దొరికినట్లే. పోర్టును సరిచేస్తే ఆనాటికి పని జరుగుతుంది. శాశ్వత పరిష్కారం రూటర్‌లో ఆ ప్రింటర్‌కు ఒకే చిరునామాను కేటాయించి ఉంచడం.

రెండూ ఒకటే అయితే కమాండ్ ప్రాంప్ట్‌లో పింగ్ ఆదేశంతో ఆ చిరునామాను పలకరించాలి. సమాధానం వచ్చిందని కనిపించినంత మాత్రాన తృప్తి పడరాదు. గమ్యం చేరలేదన్న వార్తను సొంత కంప్యూటరే సమాధానంగా చూపవచ్చు. సమాధానం ఇచ్చిన చిరునామా ప్రింటర్‌దేనా అని చూడాలి.

ప్రింటర్ చిరునామా 169.254 తో మొదలైతే రూటర్ నుండి దానికి చిరునామా అందలేదని అర్థం. తీగ వదులైందేమో, వైఫై సంకేతపదం మారిందేమో చూడాలి. వచ్చినవారి ఫోన్ల కోసం ఏర్పరచిన అతిథి వైఫైలో కంప్యూటర్ కలిసి ఉన్నా ప్రింటర్ కనిపించకపోవచ్చు. అతిథి వైఫై లోపలి యంత్రాలను వేరుగా ఉంచడానికే ఉద్దేశించినది.

నాల్గవ మజిలీ: ఆతిథేయ కంప్యూటర్

మొదటి విధంలో ఈ కంప్యూటర్ నిద్రావస్థలోకి వెళ్లకుండా విద్యుత్ అమరికలను మార్చాలి. దాని పేరు మార్చితే మిగిలిన కంప్యూటర్లకు ప్రింటర్ దారి తప్పుతుంది. నెట్‌వర్క్‌ను పబ్లిక్‌గా కాక ప్రైవేట్‌గా గుర్తించాలి. పబ్లిక్ అమరికలో విండోస్ సాధారణంగా పంపకాన్ని అడ్డుకుంటుంది. పంపకానికి సంకేతపదం అవసరమైతే ఆ కంప్యూటర్‌లోని ఖాతా పేరు, సంకేతపదం సరిగా ఇవ్వాలి.

నిన్నటి వరకు పనిచేసి, నవీకరణ తర్వాత ఆగిన సందర్భాలకు ఒక చరిత్ర ఉన్నది. 2021లో విండోస్ ప్రింట్ స్పూలర్‌లో ప్రింట్‌నైట్‌మేర్ అని పేరుపొందిన తీవ్ర భద్రతా లోపం బయటపడింది. ఆ సంవత్సరం ఆగస్టు నవీకరణతో ఉమ్మడి ప్రింటర్ డ్రైవర్ స్థాపనకు నిర్వాహక అనుమతి తప్పనిసరి అయింది. సెప్టెంబరు నవీకరణల తర్వాత అనేక కార్యాలయాల్లో చివర 11బి అని ఉండే దోష సంఖ్య కనిపించి ముద్రణ ఆగింది. ఆతిథేయ కంప్యూటర్, దానిని ఆశ్రయించిన కంప్యూటర్ రెండూ సమానంగా నవీకరింపబడి ఉండటం దీనికి సరైన మార్గం. రిజిస్ట్రీలో రక్షణను సడలించే ఉపాయం వాడుకలో ఉన్నా, అది తలుపు గడియ తీసి ఉంచడంతో సమానం. ప్రింటర్‌కు నెట్‌వర్క్ సౌకర్యం ఉంటే దానిని రెండవ విధానికి మార్చడమే ఉత్తమం.

విండోస్ 7కు మద్దతు 2020 జనవరి 14న, విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14న ముగిశాయి. పాత, కొత్త కంప్యూటర్లు కలిసి ఉన్న కార్యాలయంలో ఇటువంటి పొత్తు కుదరని చిక్కులు ఎక్కువ.

రెండు లిపుల కార్యాలయం

సరిహద్దు ప్రాంతంలో ఒకే పత్రంపై కన్నడం, తమిళం లేదా ఒడియాతో పాటు తెలుగు కూడా ఉండవచ్చు. తెలుగు స్థానంలో డబ్బాలు వస్తే ఆ లిపిని చూపగల ఫాంటు అక్కడ లేదని అర్థం. అర్థం లేని ఆంగ్లాక్షరాలు వస్తే పత్రాన్ని అను వంటి యూనికోడ్ కాని పాత ఫాంటులో టైపు చేసి ఉండవచ్చు. కన్నడంలో పాత నుడి ఫైళ్లతోనూ ఇదే జరుగుతుంది. విండోస్ యూనికోడ్ ఫాంట్లలో గౌతమి తెలుగుకు, తుంగ కన్నడానికి, లత తమిళానికి, కళింగ ఒడియాకు చెందినవి.

పత్రాన్ని తయారుచేసిన కంప్యూటర్‌లోనే ఫాంట్లు ఇమిడేలా పీడీఎఫ్‌గా మార్చి, దానిని ముద్రించడం సులభ మార్గం. తెరపై సరిగా ఉండి కాగితంపై మాత్రం ఒత్తులు విడిపోతే, అడోబీ రీడర్ ముద్రణ అమరికల్లో పత్రాన్ని చిత్రంగా ముద్రించే ఎంపికను వాడాలి. పేరులో ఒక ఒత్తు జారిన ధృవపత్రం మరో కార్యాలయంలో తిరస్కరణకు గురికావచ్చు. అందువల్ల కాగితం వచ్చిన వెంటనే దరఖాస్తుదారు చేత పేరును చదివించి చూడాలి.

విద్యుత్తు, గోప్యత

లేజర్ ప్రింటర్‌ను చిన్న యూపీఎస్‌కు కలపరాదు. ఫ్యూజర్ వేడెక్కేటప్పుడు లాగే విద్యుత్తును అది భరించలేదు. యూపీఎస్‌ను కంప్యూటర్‌కు, రూటర్‌కు వదిలి, ప్రింటర్‌ను ఎర్తింగ్ ఉన్న గోడ సాకెట్‌కు కలపాలి. విద్యుత్తు వచ్చిన తర్వాత ముందు రూటర్, అది కుదురుకున్నాక ప్రింటర్, చివరగా కంప్యూటర్లు వెలిగించడం మంచిది.

ఆలస్యంగా ముద్రింపబడిన ప్రతులపై ఆధార్ సంఖ్యలు, ఆదాయ వివరాలు ఉంటాయి. వాటిని అరలో వదిలితే మరొకరి చేతిలో పడతాయి. లోపం సరిచేసిన ప్రతిసారీ వరుసలో మిగిలిన పాత పనులను రద్దుచేసి, అదనపు ప్రతులను చించివేయాలి. వాటి వెనుక వైపును చిత్తు కాగితంగా వాడరాదు.

గోడపై ఒక కాగితం

ప్రింటర్ నమూనా, ఐపీ చిరునామా, టోనర్ సంఖ్య, ఆతిథేయ కంప్యూటర్ పేరు, గత లోపం తేదీ, దాని పరిష్కారం ఒక కాగితంపై రాసి ప్రింటర్ పక్కన అంటించాలి. సంకేతపదాలు మాత్రం అక్కడ రాయకూడదు. మెకానిక్‌కు ఫోన్ చేసినప్పుడు "ప్రింటర్ పనిచేయడం లేదు" అనడం కంటే "స్థితి పత్రం వస్తున్నది, పింగ్‌కు సమాధానం లేదు" అని చెబితే అతనికి దారి తెలుస్తుంది. కాలిన వాసన, పొగ, ఫ్యూజర్ దోష సూచన కనిపిస్తే మాత్రం ఏ ప్రయోగమూ చేయకుండా విద్యుత్తు ఆపి, అతనికే అప్పగించాలి.

ప్రింటర్ బాగుపడే వరకు మరొక మార్గాన్ని సిద్ధంగా ఉంచడం కార్యాలయ బాధ్యత. సిద్ధమైన పత్రాన్ని పీడీఎఫ్‌గా భద్రపరిస్తే మరో యంత్రంపై ముద్రించవచ్చు. యూఎస్‌బీ సౌకర్యం ఉన్న నెట్‌వర్క్ ప్రింటర్‌ను తాత్కాలికంగా ఒక కంప్యూటర్‌కు తీగతో కలపవచ్చు. గడువు దగ్గరపడిన దరఖాస్తుదారుల పత్రాలను ముందుగా ముద్రిస్తే, యంత్రం మొరాయించిన రోజున కూడా వారు కాగితంతోనే ఊరికి చేరగలరు.