వర్చువల్ మెషీన్ ఆనవాళ్లు: చారిత్రక నేపథ్యం

ఒక ప్రోగ్రాం తాను నడుస్తున్నది అసలు కంప్యూటర్‌పైనా, వర్చువల్ మెషీన్‌లోనా అన్నది కనిపెట్టగలదా? 1972లో ఐబీఎం వీఎం/370ను ప్రకటించింది. 1974లో పోపెక్, గోల్డ్‌బర్గ్‌లు ఒక సూత్రం చెప్పారు: యంత్రస్థితిని బయటపెట్టే, మార్చే ఆదేశాలన్నీ పర్యవేక్షక ప్రోగ్రాం చేతికి చిక్కాలి.

ఇంటెల్ ఎక్స్86 ప్రాసెసర్లు ఈ సూత్రానికి లోబడలేదు. వాటిలోని ఎస్‌ఐడీటీ ఆదేశం ఎవరి అనుమతీ లేకుండానే ఇంటరప్ట్ పట్టిక చిరునామాను తెలుపుతుంది. నాటి వర్చువల్ మెషీన్లలో ఆ చిరునామా వేరుగా ఉండేది. 2004లో జొవానా రుట్‌కోవ్‌స్కా రాసిన ‘రెడ్ పిల్’ ప్రోగ్రాంకు ఇదే ఆధారం. 2005లో వచ్చిన ఇంటెల్ వీటీ ఈ దారిని మూసింది. అయినా ఆదేశాలకు పట్టే కాలంలో తేడా మిగిలింది.

ఇలా పసిగట్టిన హానికర ప్రోగ్రాములు పరిశోధకుల ముందు బుద్ధిగా ఉండిపోతాయి. కాబట్టి వర్చువల్ మెషీన్‌లో హాని చేయనంత మాత్రాన ప్రోగ్రాం సురక్షితమని నిర్ధారించరాదు.