కట్టుడుపంటి కథ

గత సంవత్సరమున నా పైవరుస ముందుపల్లు ఒకటి ఊడిపోయినది. ముప్పదియేండ్లు బడిపిల్లలకు అక్షరములు దిద్దించినవాడను. ఒకనాడు మా దువ్వాడలో ఇంటి అరుగుమీద కూర్చుండి మనుమనికి త, థ, ద, ధ, న చెప్పబోగా గాలియే కాని వర్ణము వెలువడలేదు. బాలుడు పకపక నవ్వెను. దంత్యాక్షరములకు ఆ పేరేల వచ్చెనో నాకు ఆనాడు చక్కగా తెలిసినది.

పెద్దలారా, ఈ వెలితి నేటిది కాదు. రాలిన పూషుని దంతములను అశ్వినీదేవతలు బాగుచేసిరని చరకసంహిత చెప్పుచున్నది. అది దేవతల మాట. మనుష్యుల యత్నమును చూతము.

క్రీ. పూ. 7వ శతాబ్దమున ఇటలీ దేశమందలి ఎట్రుస్కనులు పలుచని బంగారుపట్టీని ప్రక్కపండ్లకు చుట్టి, నడుమ పరుల పంటినో పశువు పంటినో బిగించిరి. సీదోను పట్టణపు ప్రాచీన సమాధిలో బంగారుతీగతో కట్టిన పండ్లు దొరకినవి. కట్టుడుపండ్లనెడి మన మాట వానికి అక్షరాల తగును.

1728లో పారిసునగర వైద్యుడు పియేరు ఫోషారు దంతవైద్యమును గ్రంథరూపమున వెలువరించెను. అయినను పెట్టుటకు పండ్లెక్కడివి? 1815లో వాటర్లూ రణరంగమున మడిసిన సైనికుల పండ్లను పెరికి ధనికుల నోళ్లలో అమర్చిరి. పేదవాని పల్లు పెద్దవాని నోట నవ్వినది! పింగాణిపండ్లు వ్యాపించిన పిదప ఆ ఘోరము తొలగినది.

మన దేశమున మొదటి దంతవైద్య కళాశాలను 1920లో కలకత్తాయందు డాక్టరు రఫీయుద్దీన్ అహమ్మదు స్థాపించెను. 1948లో దంతవైద్యుల చట్టము వచ్చెను.

నేడు జనులు బ్రిడ్జి యనునది గెడ్డమీది వంతెన వంటిదే. ఖాళీకి ఇరువైపుల పండ్లను కొంత అరగదీసి, వానికి తొడుగులు వేసి, ఆ తొడుగులతో కూర్చిన కృత్రిమదంతమును నడుమ నిలుపుదురు. స్తంభములు కదలినచో వంతెన నిలువదు. ప్రక్కపండ్లు గట్టివి కానిచో ఇదియు నిలువదు. చెడని పండ్లను అరగదీయవలసివచ్చుట దీని లోపము. 1965లో స్వీడను దేశమున బ్రోనెమార్కు టైటానియపు మరను దవుడయెముకలోనే నాటి, ప్రక్కపండ్ల నంటని మార్గము చూపెను.

‘వయసు మళ్లినది, పల్లు పోయిన నేమి?’ అని మనలో పలువురు ఊరకుందురు. కాని ఖాళీవైపునకు ప్రక్కపండ్లు ఒరగును, ఎదుటిపల్లు చోటు తప్పును, నమలుట చెడును. కావున ఆలస్యము తగదు. కట్టించుకొన్న పిదప వంతెన క్రింద మెతుకు నిలువకుండ దినదినము శుభ్రపరచవలెను.

నేనును కట్టించుకొంటిని. మనుమడు మరల పలక పట్టుకొని అరుగెక్కినాడు. ఈమారు నా నోట ‘త’ పలికినది. వాడు నవ్వలేదు, దిద్దినాడు.