క్లోరోఫాం పంచాయితీ

పద్మారావు నగర్‌లో మా సందు దాటి పెద్ద రోడ్డెక్కి నడిస్తే గాంధీ ఆసుపత్రి వస్తుంది. నేను రిటైరైన మత్తు డాక్టరుని. అక్కడ చదివే పిల్లలు కొందరు అప్పుడప్పుడు మా ఇంటికొస్తారు. "పెద్ద డాక్టర్లే తలో మాటంటే జనం ఎవర్ని నమ్మాలి సార్?" అని అడుగుతారు. వాళ్లకి నేను చెప్పేది హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్ కథ.

1847లో ఎడిన్‌బరోలో సింప్సన్ అనే డాక్టరు మత్తుకోసం క్లోరోఫాం వాడకం మొదలుపెట్టాడు. మరుసటి ఏడాది జనవరిలోనే హానా గ్రీనర్ అనే పదిహేనేళ్ల పిల్ల, కాలిగోరు తీయించుకోవడానికి క్లోరోఫాం పీల్చి నిమిషాల్లో చనిపోయింది. ఎందుకు చనిపోయింది? మందు గుండెను ఆపేసిందని లండన్ వాళ్లు, ముందు ఆగేది ఊపిరేనని ఎడిన్‌బరో వాళ్లు వాదులాడుకున్నారు. ఒకరు నాడి పట్టుకోమంటే, మరొకరు నాడి వదిలేసి ఊపిరి చూడమన్నారు.

ఆ ఎడిన్‌బరో బడిలో చదివినవాడే ఎడ్వర్డ్ లారీ. హైదరాబాద్‌లో బ్రిటిష్ రెసిడెన్సీ సర్జన్, హైదరాబాద్ మెడికల్ స్కూల్ పెద్ద. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిలో వేలమందికి క్లోరోఫాం ఇప్పించాడు. ఊపిరిని కనిపెట్టుకుని ఇస్తే గుండెకు ప్రమాదం లేదన్నది అతని నమ్మకం. 1888లో కుక్కల మీద ప్రయోగాలతో మొదటి కమిషన్ ఆ మాటే తేల్చింది. లండన్ 'లాన్సెట్' పత్రిక ఒప్పుకోలేదు. అప్పుడు ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ వెయ్యి పౌన్లిచ్చి, మీ మనిషినే పంపండి, అతని కళ్లముందే తేల్చుకుందామన్నాడు. ఇంత దర్జాగా సవాలు విసిరిన దొర మరొకడు కనపడడు నాకు.

లాన్సెట్ పంపిన మనిషి లాడర్ బ్రంటన్. ఔషధ శాస్త్రంలో పేరున్నవాడు, గుండెకు ప్రమాదముందని నమ్మి ఓడెక్కినవాడు. 1889 చివరి నెలల్లో రెండో కమిషన్ వాళ్లు నాలుగొందలకు పైగా జంతువులకు మత్తిచ్చి, మసి పట్టించిన కాగితం మీద కొన్నిటి రక్తపోటు గీతలు గీయించారు. హైదరాబాద్‌లోనే వైద్యం చదివి మత్తు డాక్టరైన రూపాబాయి ఫర్దూన్జీ కూడా ఈ పనిలో పాలుపంచుకుంది. చివరికి బ్రంటన్ మాట మార్చాడు. గుండెకు నేరుగా ముప్పు లేదు, ఊపిరాడకపోవడమో మోతాదు మించడమో అసలు కారణం అని లండన్‌కు తంతి కొట్టాడు.

లారీ గెలిచాడా? ఊళ్లో గెలిచాడు. కానీ క్లోరోఫాం కింద మనుషులు చనిపోతూనే ఉన్నారు. వాళ్లలో చాలామంది మత్తు పూర్తిగా ఎక్కకముందే, చిన్న చిన్న ఆపరేషన్లకు బల్లెక్కినవాళ్లు. హైదరాబాద్‌లో మాత్రం జంతువులకు మత్తు బాగా ముంచి చూశారు. చావు ఎక్కువగా పొంచి ఉన్నది మత్తు తేలిగ్గా ఉన్న ఘడియల్లో. వెతికింది ఒక చోట, అది ఉన్నది ఇంకో చోట.

1911లో గుడ్‌మన్ లెవీ అనే డాక్టరు పిల్లుల మీద ప్రయోగాలు చేసి ఆ సంగతి బయటపెట్టాడు. క్లోరోఫాం తేలిగ్గా ఇచ్చిన స్థితిలో, భయంతో ఒంట్లో ఊరే అడ్రినలిన్ తగిలితే గుండె కింది గదులు క్రమం తప్పి గిలగిల కొట్టుకుని ఆగిపోతాయి. గోరు తీయించుకోబోయిన ఆ పిల్ల ఎంత బెదిరిపోయిందో ఊహించుకోండి.

లారీని అబద్ధాలకోరని కొట్టిపారేసేవాళ్లతో నాకు పేచీ. అతను మొండివాడు, అంతే. మొండితనం కంటే పెద్ద తప్పు, తనకు నచ్చిన ప్రశ్న మాత్రమే కుక్కల్ని అడగడం. ఊరి పరువు, నిజాం సొమ్ము ఆ ప్రశ్నకు ముడిపడ్డాక ఇంకో ప్రశ్న అడిగే ఓపిక ఎవరికుంటుంది?

కమిషన్ నివేదిక 1891లో పుస్తకంగా అచ్చయింది. మత్తు శాస్త్రం చదివే పిల్లలు తప్పక చూడాలి. ఊపిరిని కనిపెట్టమన్న మాట ఇప్పటికీ చెల్లుతుంది. గుండె మీద ఇచ్చిన తీర్పు తప్పు.