తాగునీటిలో సీసం: తల్లిదండ్రులు, విద్యార్థులు తెలుసుకోవలసినవి

నీళ్లలో సీసం కలిస్తే రంగు మారదు, రుచి మారదు, వాసన రాదు. పరీక్ష చేయిస్తే తప్ప తెలియదు.

మన దేశంలో తాగునీటికి ఉన్న ప్రమాణం ఐఎస్ 10500. అందులో సీసానికి హద్దు లీటరుకు 0.01 మిల్లీగ్రాము. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేదీ అంతే. వేరే నీటి వసతి లేనిచోట కొన్ని లవణాలకు సడలింపు ఉంది గాని సీసానికి లేదు. ఏడో తరగతి పిల్లలు లెక్క కట్టి చూడండి: వెయ్యి లీటర్ల ట్యాంకుకు 10 మిల్లీగ్రాములు, అంటే సుమారు అర బియ్యపుగింజ బరువు.

సీసం ఎక్కువగా నీళ్లు వచ్చే దారిలోనే కలుస్తుంది. పాత సీసపు గొట్టాలు, అతుకుల్లోని టంకం, ఇత్తడి కుళాయిలు, సీసం కలిపి చేసిన పీవీసీ పైపులు దీనికి కారణం. అమెరికాలోని ఫ్లింట్ నగరంలో జరిగింది ఇదే. ఖర్చు తగ్గుతుందని 2014 ఏప్రిల్‌లో అక్కడ డెట్రాయిట్ నీళ్లు మాని ఫ్లింట్ నది నీళ్లు ఇచ్చారు. ఆ నీళ్లకు లోహాన్ని తినే గుణం ఎక్కువ. దాన్ని అణిచే మందు కలపలేదు. పైపుల లోపలి పొర కరిగి సీసం ఇళ్లలోకి వచ్చింది. జనం ఎర్రటి నీళ్లు బాటిళ్లలో పట్టి చూపించినా అధికారులు బాగానే ఉన్నాయన్నారు. 2015 సెప్టెంబరులో పిల్లల డాక్టరు మోనా హన్నా-అటీషా పిల్లల రక్తంలో సీసం పెరిగిందని లెక్కలతో సహా బయటపెట్టాక, అక్టోబరులో పాత నీళ్లకు మళ్లారు.

పిల్లల సంగతే ఎందుకంటే, కడుపులోకి పోయిన సీసాన్ని పెద్దలకంటే నాలుగైదు రెట్లు ఎక్కువగా వాళ్ల ఒళ్లు పీల్చుకుంటుంది. దెబ్బ ముఖ్యంగా మెదడుకి: చదువు మీద ధ్యాస, తెలివి తగ్గుతాయి. భోజనంలో ఐరన్, కాల్షియం సరిగ్గా ఉంటే ఒంటికి పట్టే సీసం తగ్గుతుంది. రాగులు, పాలు మానకండి.

నీళ్లు మరగబెడితే క్రిములు చస్తాయి, సీసం పోదు. నీరు ఇగిరేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. ఫిల్టరు అమ్మేవాళ్లు చూపించే టీడీఎస్ మీటరు కూడా సీసాన్ని పట్టలేదు, అది మొత్తం లవణాల లెక్క మాత్రమే. ఆర్‌ఓ యంత్రం చాలావరకు తీసేస్తుంది, మెంబ్రేన్ వేళకు మారిస్తేనే.

తమిళనాట మన ఇళ్లలో చారు కాచే ఈయచెంబు గురించీ ఒక మాట. స్వచ్ఛమైన తగరమైతే ఫర్వాలేదు. సీసం కలిసినదైతే చింతపండు పులుపుకి అది చారులోకి దిగుతుంది.

రాత్రంతా పైపులో నిలిచిన నీళ్లు కాసేపు వదిలేసి, తర్వాతే తాగడానికి పట్టండి. వదిలిన నీళ్లు ఇల్లు కడగడానికి పనికొస్తాయి. గీజరు వేడినీళ్లు వంటకు వాడకండి. పరీక్షకు ఇచ్చేటప్పుడు మాత్రం పొద్దున కుళాయి తిప్పగానే వచ్చే మొదటి నీళ్లే బాటిల్‌లో పట్టి ఇవ్వాలి.