పరపతి నుంచి స్కోరు దాకా

ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ రాతిభవనం 1939లో ప్రారంభోత్సవం జరుపుకుంది. ఆ ఆవరణలోని చెట్ల నీడన, లైబ్రరీలో, తార్నాక అద్దెగదుల్లో బ్యాంకు పరీక్షలకు చదివేవాళ్లు ఏటా కనిపిస్తూనే ఉంటారు. వాళ్ల తండ్రుల కాలంలో రాతపరీక్ష, ఇంటర్వ్యూ గట్టెక్కితే ఉద్యోగం ఖాయమనుకునేవారు. ఇప్పుడు ఆ తర్వాత ఇంకో గడప ఉంది: మనిషి అప్పుల చరిత్ర చెప్పే సిబిల్ రిపోర్టు.

తెలుగులో పరపతి అంటే అప్పు పుట్టడమే కాదు, నలుగురిలో మాట చెల్లడం కూడా. 1904 చట్టంతో మొదలైన సహకార పరపతి సంఘాల్లో ఆ రెండూ కలిసే ఉండేవి. అప్పు అడిగే మనిషి ఎలాంటివాడో సభ్యులకు తెలుసు. తన గురించి తప్పుడు మాట పుడితే ఎదురుగా వెళ్లి నిలదీసే వీలు అతనికీ ఉండేది.

మహానగరంలో ఆ ముఖపరిచయం సాధ్యం కాదు. అందుకే 2000లో సిబిల్ సంస్థ పుట్టింది. 2005లో పార్లమెంటు చేసిన క్రెడిట్ ఇన్ఫర్మేషన్ కంపెనీల నియంత్రణ చట్టం మరుసటి ఏడాది డిసెంబరులో అమల్లోకి వచ్చింది. రుణాల పంపిణీ సవ్యంగా సాగాలన్నది దాని ఉద్దేశం. ఉద్యోగార్థి గురించి అందులో విడిగా ఒక్క సెక్షన్ కూడా లేదు.

అయినా ఆ రిపోర్టు నియామకాల దాకా వచ్చింది. 2023లో, బ్యాంకు నియామక పరీక్షలు నిర్వహించే ఐబీపీఎస్ ఇచ్చిన క్లర్కు నోటిఫికేషన్, చేరేనాటికి 650 సిబిల్ స్కోరు ఉండాలంది. తర్వాత ఆ అంకెను తీసేసి, కనీస స్కోరు నిర్ణయాన్ని బ్యాంకులకే వదిలింది. 2025 జూన్‌లో మద్రాసు హైకోర్టు, సిబిల్ చరిత్ర బాగాలేదని స్టేట్ బ్యాంకు ఒక అభ్యర్థి నియామకాన్ని రద్దు చేయడాన్ని సమర్థించింది. అప్పులన్నీ తీర్చేశానన్న అతని వాదన నిలవలేదు. ప్రజల సొమ్ము చూసేవారికి ఆర్థిక క్రమశిక్షణ ఉండాలన్నది కోర్టు మాట.

ఆ మాటలో న్యాయం ఉంది. కానీ చదువు కోసం అప్పు చేసిన పిల్లవాడి సంగతేమిటి? విద్యారుణానికి కోర్సు ముగిశాక మామూలుగా ఏడాది గడువిస్తారు. ఆలోగా ఉద్యోగం రాకపోతే వాయిదా తప్పుతుంది. తప్పిన వాయిదా, దాన్ని తీర్చగలిగే ఉద్యోగానికే అడ్డం పడుతుంది.

ఉస్మానియాలో చదివి అమెరికా వెళ్లినవారికి అక్కడి పద్ధతి తెలిసే ఉంటుంది. క్రెడిట్ రిపోర్టులపై 1970 నాటి చట్టానికి 1996లో చేసిన సవరణ ప్రకారం, యజమాని రిపోర్టు చూడాలంటే అభ్యర్థి రాతపూర్వక అనుమతి కావాలి. దాన్నిబట్టి తిరస్కరించాలనుకుంటే ముందే ఆ రిపోర్టు ప్రతిని అతని చేతికివ్వాలి. మన చట్టంలోనూ ఈ రెండు వాక్యాలు చేరాలి.

అంతవరకు తార్నాక గదుల్లో చదువుకునేవారికి ఒక మనవి. 2017 నుంచి ప్రతి క్రెడిట్ ఇన్ఫర్మేషన్ కంపెనీ ఏటా ఒక పూర్తి రిపోర్టు ఉచితంగా ఇస్తోంది. తప్పుంటే ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో పరిష్కరించకపోతే రోజుకు 100 రూపాయల పరిహారం ఇవ్వాలన్న రిజర్వు బ్యాంకు నిబంధన 2024 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. నోటిఫికేషన్ వచ్చేదాకా ఆగకుండా ఇప్పుడే రిపోర్టు తెప్పించుకుని చూసుకోండి.