కె.సి. కాలువతో చెప్పిన పాఠం

2002లో బి.ఎస్.ఎన్.ఎల్. మొబైల్ సేవలు మొదలయ్యాక, కర్నూలులో ఇంజనీరింగ్ విద్యార్థులకు జి.పి.ఆర్.ఎస్. గురించి చెప్పమని నన్ను పిలిచారు. బోర్డు మీద బొమ్మలెన్ని గీసినా వాళ్లకు ఎక్కలేదు. అప్పుడు మన కె.సి. కాలువ గుర్తొచ్చింది. 1863లో పని మొదలైన ఆ కాలువను సాగునీటికే కాక పడవల రాకపోకలకూ ఉద్దేశించారు.

“ఫోన్‌లో మాట్లాడటమంటే, మాట అయ్యేదాకా ఒక దారిని ఒకరికే వదిలేయడం. డేటా అంటే సరుకును చిన్న మూటలు కట్టి, చిరునామా రాసి, అదే దారిలో అందరి మూటలతో కలిపి పంపడం” అన్నాను. అందరికీ అర్థమైంది.

వెనక బెంచీ కుర్రాడు లేచి, “సార్, మాది చివరి ఆయకట్టు. నీళ్లే రావు, ఇది వస్తుందా?” అన్నాడు. జవాబు చెప్పలేకపోయాను.

2020లో ఆన్‌లైన్ తరగతుల కోసం పిల్లలు మిద్దెలెక్కి సిగ్నల్ వెతుక్కుంటుంటే అతనే గుర్తొచ్చాడు. ఇప్పుడు ఎక్కడ పాఠం చెప్పినా అతని ప్రశ్నతోనే మొదలుపెడుతున్నాను.