సర్వకర పరిహారం

తూర్పు చాళుక్యుల తామ్రశాసనాలు చదివినవారికి 'సర్వకర పరిహారం' అన్న మాట పరిచితమే. ఒక ఊరినో, కొంత భూమినో దానమిచ్చేటప్పుడు దానిపై రావలసిన పన్నులన్నీ వదులుకొంటున్నానని రాజు చెప్పే మాట అది. పుచ్చుకొనేవారి పేరు, గోత్రం, భూమి ఎల్లలు కూడ సాధారణంగా అందులో ఉంటాయి. ఆ ప్రతిగ్రహీతలు పేదలేమీ కారు. కాని పన్ను ఎవరి కోసం వదులుకొన్నారో రాగిరేకు చూసి చెప్పవచ్చు.

సైబరాబాదు ఇళ్ళ చరిత్ర తిరగవేస్తుంటే నాకీ మాట జ్ఞాపకం వచ్చింది.

హైటెక్ సిటీ రాకముందే దాని పొరుగున కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీ వెలిసింది. అక్కడ ఇళ్ళను ఎల్.ఐ.జి., ఎం.ఐ.జి. అని గుర్తిస్తారు. అల్పాదాయ వర్గం, మధ్యాదాయ వర్గం అని వాటి అర్థం. ఎవరి కోసం కట్టినదో ఇంటి పేరే చెబుతుంది.

1998 నవంబరు 22న నాటి ప్రధాని వాజ్‌పేయి మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. సరిగ్గా ఆ కాలంలోనే ఆదాయపు పన్ను చట్టంలో మరొక ద్వారం తెరుచుకొంది. 1998 అక్టోబరు 1 తరువాత మొదలుపెట్టిన గృహనిర్మాణాలపై వచ్చే లాభానికి నూటికి నూరుపాళ్ళు మినహాయింపు! తరువాత సెక్షన్ 80-ఐబీ(10)గా ప్రసిద్ధమైనది ఇదే. స్థలం కనీసం ఒక ఎకరం ఉండాలి. ఫ్లాటు ఢిల్లీ, ముంబయి ప్రాంతాలలో 1,000, తక్కినచోట్ల 1,500 చదరపుటడుగులు మించరాదు. 2008 మార్చి 31 లోపు అనుమతి పొందిన నిర్మాణాల వరకు ఇది వర్తించింది.

ఇందులో గోడలకు కొలత ఉంది. ధరకు కొలత లేదు, కొనేవాడి ఆదాయానికి అసలే లేదు. కొండాపూర్‌లో 1,400 అడుగుల ఫ్లాటు ఎంతకమ్మినా మినహాయింపుకు ఆ ధర అడ్డు కాదు. దీనివల్ల మేలే జరగలేదని నేననను. కొత్తగా ఉద్యోగాలలో చేరిన మధ్యతరగతి పిల్లలకు ఇళ్ళ సంఖ్య పెరగడం మంచిదే. అయితే ఆ ఫ్లాట్ల క్రింద, సెల్లారులో, ఒక్క గదిలో కాపురముండే వాచ్‌మన్ కుటుంబం మాటేమిటి? మా బంధువుల ఇంట ఈ ప్రస్తావన వచ్చినప్పుడు పాలమూరు నుంచి వలస వచ్చిన ఆ కాపలాదారు విని, "మాఫీ కట్టెటోనికా సారూ, ఉండెటోనికి కాదా?" అన్నాడు. నా దగ్గర సమాధానం లేకపోయింది.

అమెరికాలోని మిత్రులకు తెలిసే ఉంటుంది, అక్కడ 1986లో వచ్చిన పన్ను రాయితీ పథకంలోనూ లాభపడేది నిర్మాతలూ, పెట్టుబడిదారులే. కాని ఆ ఇంట అద్దెకుండేవారి ఆదాయానికీ, వారు చెల్లించే అద్దెకూ హద్దులున్నాయి. ఎల్లలు గోడలతో ఆగక మనుషుల దాకా వచ్చాయి.

మన దేశంలో 2016లో 80-ఐబీఏ అన్న కొత్త సెక్షన్ వచ్చింది. దానిలోనూ మొదట వైశాల్యమే ముఖ్యం. 2019 సెప్టెంబరు నుంచి అనుమతి పొందినవాటికి మాత్రం, హైదరాబాదును మహానగరాలలో చేర్చి, 60 చదరపు మీటర్ల పరిమితితో పాటు 45 లక్షల రూపాయల విలువ పరిమితిని పెట్టారు. ధర మాట చట్టానికెక్కడానికి ఇరవై ఏళ్ళు పట్టిందన్నమాట. అప్పటికి మాదాపూర్, గచ్చిబౌలి ఆ ధరకు చాలా దూరం వెళ్ళిపోయాయి. 2022 మార్చి 31 తరువాత అనుమతి పొందిన నిర్మాణాలకు ఆ రాయితీ కూడ లేదు.

మరి పేదలకు ఇళ్ళు? పన్ను దారిన కాక ఖజానా దారినే వచ్చాయి. 2023 జూన్ 22న కొల్లూరులో ప్రారంభమైన 15,660 రెండు పడకగదుల ఇళ్ళు ప్రభుత్వం తన సొమ్ముతో కట్టించినవి. ఒక్కొక్కటి 560 చదరపుటడుగులు. అక్కడ ఇల్లు ఎవరిదో పట్టాలో పేరుంటుంది. కాని అది ఔటర్ రింగు రోడ్డు దరిని ఉంది. ఆ ఇళ్ళలోనివారు చాలామంది పనికోసం నగరంలోకి రావలసినవారే.

వదులుకొన్న పన్ను కూడ ప్రజల సొమ్మే. రాగిరేకు మీద రాజు ఎవరి పేరు చెక్కించాడో వెయ్యేళ్ళ తరువాత కూడ చదువుకొంటున్నాము. మన చట్టంలో ఆ స్థానం ఖాళీగా ఉండిపోయింది. నా లెక్కలో పొరపాటుంటే విజ్ఞులు సరిదిద్దగలరు.